ఫస్టియర్ లేని బీటెక్: ఒక లేటరల్ ఎంట్రీ అబ్బాయి జర్మనీ కేసు, అందులో నా తప్పులెక్క

ఒంగోల్లో ఈ ఫారిన్ అడ్మిషన్ల పని మొదలుపెట్టి పదకొండేళ్ళయింది, ఇప్పటిదాకా ఏ కేసు గురించీ ఇట్టా కూర్చుని రాయలేదు, కానీ ఇది రాయాలనిపించింది, ఎందుకంటే ఇందులో తప్పు పిల్లోడిది కాదు, సగం పైన నాది. డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరినోళ్ళు, లేటరల్ ఎంట్రీ అంటారు, మన ప్రకాశం, నెల్లూరు వైపు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళలో జర్మనీ ఆలోచన ఉన్నోళ్ళు అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఇది ఒకసారి చదువుకుంటే చాలు. అబ్బాయి పేరు రాయను, అడిగితే సరే రాయండి సార్ అన్నాడు గానీ నాకే ఇష్టంలేదు. మనవాడు అందాం.

మనవాడిది కొండపి దగ్గర ఒక ఊరు. నాన్న పొగాకు రైతు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండు, అందులో ఒకటి కౌలుకి. టెన్త్ అయ్యాక ఇంటర్‌కి పోకుండా పాలిసెట్ రాసి 2018లో మెకానికల్ డిప్లొమాలో చేరాడు, 2021లో ఈసెట్ రాసి లేటరల్‌గా బీటెక్ సెకండియర్, జేఎన్టీయూ కాకినాడ అఫిలియేటెడ్ కాలేజీ, ఆర్20 రెగ్యులేషన్, అంటే ఆ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, మార్కుల రూల్స్, 2024లో బయటికొచ్చాడు. సీజీపీఏ 7.1. బ్యాక్‌లాగ్స్ మూడు, అన్నీ క్లియర్. వచ్చేనాటికి చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాడు, జీతం చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు నేనూ గుచ్చి అడగలేదు.

2024 వినాయక చవితి అయిన వారంలో నాన్నని ఎంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చేతిలో సంచి ఒళ్ళో పెట్టుకుని, మొదటి మాటే ఏమన్నాడంటే, "సార్, మా పక్కింటోళ్ళ పిల్లోడు అమెరికా పోయాడు, నలభై లక్షలంట, మావల్ల కాదు, తక్కువలో అయ్యేదేదన్నా ఉంటే చెప్పండి, లేదంటే లేదని చెప్పండి, తిప్పుకోబాకండి." ఇంత సూటిగా మాట్లాడే తండ్రులు తక్కువ. అమెరికా అయితే వీసాకి కావాల్సిన ఐ-20 అనే కాగితం యూనివర్సిటీ ఇవ్వడానికే మొదటి ఏడాది ఫీజూ ఖర్చూ కలిపి చూపించాలి, అది వాళ్ళ వల్ల కాదు. యూకేకి కూడా ఫీజుతో కలిపి లెక్కేస్తే అంతే దూరం. అందుకని జర్మనీ గవర్నమెంట్ యూనివర్సిటీలు. అక్కడ ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని కొద్దిగా కడితే సరిపోద్ది. అన్ని చోట్లా ఫ్రీ అనుకోబాకండి, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలోళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు ఉంది, మ్యూనిక్‌లోని టీయూఎం కూడా 2024-25 వింటర్ నుంచి మొదలుపెట్టింది. ఆ రెండూ పక్కనబెట్టి మిగతా వాటిలో వెతుకుదాం అనుకున్నాం.

ఇక్కడో మాట చెప్పాలి, ఇష్టం లేకపోయినా. జర్మన్ గవర్నమెంట్ యూనివర్సిటీలు మాలాంటోళ్ళకి కమీషన్ ఇవ్వవు. ప్రైవేటువి ఇస్తాయి. అందుకే మీరు ఏ ఆఫీసుకి పోయినా బెర్లిన్‌లో ఏదో ఒక ప్రైవేటు కాలేజీ పేరు ముందు చెప్తారు, ఫీజు మాత్రం పది పన్నెండు వేల యూరోలు ఉంటది. నేను పబ్లిక్ వాటికి స్టూడెంట్ దగ్గరే సర్వీస్ చార్జీ తీసుకుంటా, ముందే చెప్పి తీసుకుంటా. ఈ కేసులో దాంట్లో సగం వెనక్కి ఇచ్చేశా, ఎందుకో కింద తెలుస్తది.

మొదట మనవాడు అడిగింది డేటా సైన్స్. అందరూ అదే అడుగుతారు, బీఫార్మసీ చదివినోళ్ళు కూడా. వద్దురా అన్నా, ఎందుకు సార్ అన్నాడు. ఎందుకంటే జర్మనీలో మాస్టర్స్‌కి నువ్వు బీటెక్ పాసయ్యావా లేదా అన్నది ఒక్కటే కాదు, ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లు చదివావు అని తూకం వేస్తారు. ఒక ప్రోగ్రాం పేజీలో మేథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి 30 ఈసీటీఎస్ ఉండాలి అని ఉంది. ఈసీటీఎస్ అంటే యూరప్ క్రెడిట్ లెక్క, ఏడాదికి 60. మన నాలుగేళ్ళ బీటెక్ 160 క్రెడిట్లు, అక్కడ నాలుగేళ్ళంటే 240, అంటే మన ఒక క్రెడిట్ సుమారు ఒకటిన్నర ఈసీటీఎస్. మనవాడి మెమోలు ముందేసుకుని మేథ్స్ లెక్కేస్తే రెండు పేపర్లు, మూడేసి క్రెడిట్లు, మొత్తం 6, అంటే 9 ఈసీటీఎస్. సీ ప్రోగ్రామింగ్ లేనేలేదు. డేటా సైన్స్ అక్కడితో సరి.

ఆ రోజు నేను చూడాల్సిన విషయం నా కళ్ళ ముందే ఉంది. మేథ్స్ రెండే పేపర్లు ఎందుకున్నాయి? సీ ఎందుకు లేదు? అవి ఫస్టియర్ సబ్జెక్టులు, వాడు ఫస్టియర్ చదవలేదు కాబట్టి. ఆ ముక్క అక్కడే పట్టుకుని మొత్తం లెక్క మళ్ళీ వేసుంటే ఈ కేసు ఇంత పొడుగయ్యేది కాదు. డేటా సైన్స్ వద్దన్నా, మెకానికల్, ప్రొడక్షన్ వైపు చూద్దాంలే అన్నా, వాడు సరే అన్నాడు, టీ తాగాం, అయిపోయింది.

నేను వేసిన లెక్క

మార్కుల లెక్క ముందు. జర్మనీలో మార్కు తిరగేసి ఉంటది, 1 అంటే టాపు, 4 అంటే బొటాబొటి పాసు. మన మార్కుని వాళ్ళ మార్కుకి మార్చడానికి ఒక ఫార్ములా ఉంది, బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ట మార్కులోంచి మన మార్కు తీసేయ్, గరిష్ట మార్కులోంచి పాస్ మార్కు తీసేసి దాంతో భాగించు, 3తో హెచ్చించు, 1 కలుపు. గరిష్టం 10, మనవాడిది 7.1, పాస్ మార్కు మన యూనివర్సిటీలో నలభై శాతం కదా అని 4 వేశా. వచ్చింది 2.45. జర్మనీ వాళ్ళు రెండో అంకె కొట్టేస్తారు, అంటే 2.4. బ్రహ్మాండం, చాలా ప్రోగ్రాముల్లో 2.5 లోపు అడుగుతారు, బార్డర్‌లో దాటేశాం అనుకున్నా.

రెండోది ఈసీటీఎస్. బీటెక్ అంటే 240, అందులో ఆలోచించేది ఏముంది. కొన్ని మాస్టర్స్ మూడు సెమిస్టర్లవి ఉంటాయి, వాటికి 210 ఈసీటీఎస్ డిగ్రీ అడుగుతారు, నాలుగు సెమిస్టర్ల వాటికి 180 చాలు. మూడు సెమిస్టర్లయితే ఆర్నెల్లు ముందే అయిపోద్ది, ఖర్చు తగ్గుద్ది, పొగాకు రైతు బిడ్డ, తొందరగా ఉద్యోగంలో పడతాడు అని పనిగట్టుకుని మూడు సెమిస్టర్లవే ఎక్కువ ఏరా. మొత్తం ఆరు లిస్టు. అందులో నాలుగు 210వి. రెండు 180వి.

ఇట్టా ఎందుకు చేశానంటే, అమెరికాకి పంపీ పంపీ అలవాటైన బుర్ర. అమెరికా వాళ్ళకి పదహారేళ్ళ చదువుందా అన్నది ముఖ్యం. మూడేళ్ళ బీఎస్సీ, బీకాం వాళ్ళకి చాలా యూనివర్సిటీలు అడ్డు చెప్పేది అక్కడే. మనవాడిది పది ప్లస్ మూడు ప్లస్ మూడు, పదహారు వచ్చేసింది. లేటరల్ వాళ్ళని అమెరికాకి ఎంతమందిని పంపానో, ఒక్కడు కూడా ఫస్టియర్ మెమో ఏది అని నన్ను అడగలేదు. అదే ధైర్యం.

కాగితాలు

2022 నవంబర్ 1 నుంచి మన ఇండియా వాళ్ళకి జర్మనీ వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. మన సర్టిఫికెట్లు నిజమైనవా, ఆ కాలేజీ గుర్తింపు ఉన్నదా అని ఢిల్లీలో ఉండే ఏపీఎస్ ఆఫీసు చూసి ఇస్తది, ఫీజు 18,000 రూపాయలు. చాలా యూనివర్సిటీలు అడ్మిషన్ టైంలోనే అడుగుతాయి కాబట్టి ముందు దీన్ని కదిలించాలి. టెన్త్ మెమో, ఇంటర్ బదులు డిప్లొమా కాగితాలు అన్నీ, బీటెక్ మెమోలు, పీసీ అంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్, సీఎంఎం అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన మెమో, పాస్‌పోర్టు.

పేరు దగ్గర ఒక రోజు పోయింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మధ్యలో వెంకట ఒక ముక్క. పాస్‌పోర్టులో ఎవరో మీసేవ దగ్గర కూర్చునే ఆయన నింపి పెట్టాడంట, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో గుచ్చాడు. అదే పాస్‌పోర్టుతో అమెరికా వీసాకి పోయుంటే పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడేది, అంటే మొదటి పేరు తెలియదు అని. బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ ఎఫ్ఎన్‌యూ నీ వెంటే వస్తది, అక్కడ కొందరిని ఫ్ను అని పిలుస్తారు కూడా. జర్మనీకి ఆ గొడవ లేకపోయినా కాగితాలన్నింటిలో ఒకే పేరు ఉండాలని పాస్‌పోర్టు రీఇష్యూ చేయించా, నవంబర్‌కి చేతికొచ్చింది. ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే పాస్‌పోర్టు ఇప్పుడే, టెన్త్ మెమో పక్కన పెట్టుకుని, మీ చేత్తో మీరే నింపండి.

ఐఈఎల్‌టీఎస్ డిసెంబర్‌లో రాశాడు, 6.5, రైటింగ్‌లో 5.5. ఆరులో ఒక ప్రోగ్రాంకి ఏ సెక్షన్‌లోనూ 6 తగ్గకూడదని ఉంది, అది లిస్టులోంచి కొట్టేసి ఇంకోటి కలిపాం. బీటెక్ ఇంగ్లీష్ మీడియం కదా కాలేజీ లెటర్ చాలదా అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు, కొన్ని చోట్ల చాలుద్ది, ఎక్కువ చోట్ల చాలదు, ఆ ఒక్క లెటర్ నమ్ముకుని లిస్టు సగానికి తగ్గించుకోవద్దు.

ఎస్ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో యూనివర్సిటీకి రాసే వ్యాసం, దాని గురించి రెండు ముక్కలు. మొదటి డ్రాఫ్ట్ తెచ్చాడు, చిన్నప్పటి నుంచి యంత్రాలంటే నాకు ప్రాణం అని మొదలైంది. చించి పడేశా. చీమకుర్తిలో రోజంతా ఏం చేస్తావురా అన్నా. రాయి బ్లాకుని పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్‌కి బ్లేళ్ళు బిగిస్తా సార్, టెన్షన్ సరిగా లేకపోతే పలక వంకర తెగుద్ది, గెలాక్సీ రాయి బ్లాకు ఒకటి పాడైతే ఓనరు మూడు రోజులు తిడతాడు అన్నాడు. అదే రాయి అన్నా. బ్లేడు టెన్షన్ కొలవడానికి వాళ్ళ దగ్గర పరికరం లేక, చెవితో శబ్దం విని బిగించే ముసలి ఫిట్టర్ గురించి ఒక పేరా రాశాడు. నేను చదివిన ఎస్ఓపీల్లో గుర్తున్నవి నాలుగైదు ఉంటాయి, అందులో ఇదొకటి. తర్వాత ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఆ ఫిట్టర్ గురించే పది నిమిషాలు అడిగారంట.

సంక్రాంతి దాటాక ఏపీఎస్ వచ్చింది. ఫిబ్రవరిలో యూని-అసిస్ట్‌కి పెట్టాం. యూని-అసిస్ట్ అంటే చాలా యూనివర్సిటీల తరఫున బయటి దేశాల అప్లికేషన్లు చూసే సంస్థ, ఒక సెమిస్టర్‌కి మొదటి అప్లికేషన్ 75 యూరోలు, తర్వాత ఒక్కోటి 30. మావి నాలుగు దాని ద్వారా, 165 యూరోలు, మిగతా రెండు డైరెక్ట్ పోర్టల్. కొన్ని యూనివర్సిటీలు వీపీడీ అడుగుతాయి, అంటే యూని-అసిస్ట్ మన మార్కుని జర్మన్ మార్కుకి మార్చి ఒక కాగితం ఇస్తది, అది పెట్టుకుని యూనివర్సిటీకి మనమే అప్లై చేసుకోవాలి.

ఏప్రిల్

వీపీడీ వచ్చింది. అందులో 2.7.

రెండుసార్లు చూశా. తర్వాత కాలిక్యులేటర్ తీశా. పాస్ మార్కు 4 కాదు, 5 వేస్తే 2.74 వస్తది, రెండో అంకె కొట్టేస్తే 2.7. అప్పుడు వాడి మెమో వెనక్కి తిప్పా. ఆర్20లో 90 పైన వస్తే 10 పాయింట్లు, అట్టా తగ్గుతూ తగ్గుతూ 40 నుంచి 50 లోపు వస్తే 5 పాయింట్లు, 40 తగ్గితే సున్నా. అంటే మార్కుల్లో పాస్ నలభయ్యే, కానీ గ్రేడ్ పాయింట్లలో అతి తక్కువ పాస్ 5. పదో వంతు చేసి 4 అని వేసింది నేను. సీజీపీఏ పాయింట్లలో పెట్టి పాస్ మార్కు శాతంలోంచి తెచ్చా, కిలోల్లో కొని పుట్లల్లో అమ్మినట్టు. 2.5 అడిగే రెండు ప్రోగ్రాములు ఆ ఒక్క అంకెతో పోయాయి.

నాన్నకి ఫోన్ చేసి చెప్పా, తప్పు నాదేనని. ఆయన కాసేపు మాట్లాడలా. వేలం దగ్గర ఉన్నాడనుకుంటా, వెనక మైకులో రేట్లు వినపడుతున్నాయి. "ఇంకా ఎన్ని మిగిలాయి సార్" అన్నాడు. నాలుగు అన్నా. "అయితే ఉన్నాయిగా" అని పెట్టేశాడు.

ఆ నాలుగింటిలో మూడు 210వి అని నాకు అప్పటికి ఇంకా దిగులు లేదు. అది పది రోజుల తర్వాత వచ్చింది. ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్, మీ ట్రాన్స్‌క్రిప్ట్ మూడో సెమిస్టర్‌తో మొదలవుతోంది, ఒకటి, రెండు సెమిస్టర్లు కనపడలేదు, దయచేసి పంపండి అని. అడిగింది నిజమే, లేటరల్ వాళ్ళ మెమోలు 2-1, అంటే సెకండియర్ మొదటి సెమిస్టర్ నుంచే కదా ఉండేది. మనవాడు ఆ మెయిల్ రాత్రి పదకొండింటికి చూసి, నన్ను అడక్కుండా, తొందరపడి జవాబు కొట్టేశాడు. ఏమని? నేను ఫస్టియర్ చదవలేదు అని. అంతే, ఒక్క లైను. డిప్లొమా గురించి ముక్క లేదు.

పొద్దున్నే నవ్వుతూ చెప్పాడు, సార్ మెయిల్ వచ్చింది రిప్లై ఇచ్చేశా అని. నాకు చెమటలు పట్టినయ్. ఫస్టియర్ చదవలేదన్నది నిజమే, చెప్పింది నిజమే, కానీ అవతల చదివే మనిషికి డిప్లొమా, ఈసెట్, లేటరల్ అనే లోకం తెలియదు, వాళ్ళకి అర్థమయ్యేది ఏంటంటే వీడు డిగ్రీలో మొదటి ఏడాది ఎగ్గొట్టాడు, అయినా యూనివర్సిటీ డిగ్రీ ఇచ్చింది.

ఆ రోజు షాపు షట్టరు సగం దించుకుని కూర్చుని, ఆరు నెలల ముందు వేయాల్సిన లెక్క వేశా. జేఎన్టీయూకే ఆర్20లో మామూలు బీటెక్‌కి 160 క్రెడిట్లు, లేటరల్ వాళ్ళకి 121. మిగతా 39 ఫస్టియర్‌వి, అవి వీళ్ళకి మాఫీ. మాఫీ అంటే క్రెడిట్లు ఇచ్చినట్టు కాదు, అడగనట్టు. ఈ తేడా మన దగ్గర ఎవరికీ పట్టదు, డిగ్రీ ఒకటే, సర్టిఫికెట్ ఒకటే, ఉద్యోగానికీ తేడా లేదు. కానీ ఈసీటీఎస్ లెక్కలో ఆరు సెమిస్టర్లంటే 180. 240 కాదు. 210కి ముప్ఫై తక్కువ. డిప్లొమా మూడేళ్ళు చదివాడుగా అంటే, జర్మన్ వాడి దృష్టిలో అది యూనివర్సిటీ చదువు కాదు, టెన్త్ తర్వాత స్కూలు స్థాయి చదువు కింద లెక్క, అందులో క్రెడిట్లు తీసుకోవాలా వద్దా అన్నది ఆ డిపార్ట్‌మెంట్ కమిటీ ఇష్టం.

అంటే నేను బాగు చేద్దామని ఏరిన మూడు సెమిస్టర్ల ప్రోగ్రాములే వాడికి పడనివి.

సర్దుబాటు

అప్పటికి ఏప్రిల్ ఆఖరు. వింటర్ సెమిస్టర్‌కి చాలా చోట్ల ఆఖరు తేదీ జూలై 15, కొన్ని మే 31కే మూసేస్తారు. టైం ఉంది, కానీ ఎక్కువ లేదు. మూడు పనులు పెట్టుకున్నాం.

ఒకటి, ఆ మెయిల్‌కి మళ్ళీ సరైన జవాబు. రెగ్యులేషన్ పుస్తకంలో లేటరల్ ఎంట్రీ గురించి ఉన్న పేజీ, డిప్లొమా హోల్డర్లు సెకండియర్‌లో చేరతారు, 121 క్రెడిట్లు పూర్తిచేస్తే డిగ్రీ అని స్పష్టంగా ఉంటది, అది ప్రింటు తీసి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్ జత చేసి పంపాం. ఇది ఏపీలో ప్రభుత్వం నడిపే దారి, పిల్లోడి సొంత తెలివి కాదు అని తెలియాలి గదా అవతలోడికి.

రెండు, డిప్లొమా సిలబస్. ఇది అన్నింటికన్నా కష్టమైంది. డిప్లొమా పరీక్షలు నడిపే ఎస్బీటీఈటీ బోర్డు సిలబస్ దొరుకుద్ది, కష్టం అది కాదు, దాని మీద పాలిటెక్నిక్ స్టాంపు. కాలేజీ పేరెందుకు గానీ, మొదటిసారి పోతే ప్రిన్సిపాల్ క్యాంపు, రెండోసారి పోతే క్లర్కు "ఇంతవరకు ఎవరూ అడగలా, ఏ రూల్ కింద కొట్టాలి" అన్నాడంట, మూడోసారి నేనే పోయా. ఆయన చెప్పింది కూడా నిజమే, ఎవరూ అడగలేదు. నూట అరవై పేజీల సిలబస్‌కి ప్రతి పేజీ మీద స్టాంపు కొట్టాల్సొచ్చి, అటెండరూ మనవాడూ కలిసి మధ్యాహ్నం అంతా కొట్టారు, ఇంకు అయిపోతే మనవాడు బజారుకి పోయి కొత్త ప్యాడు తెచ్చాడు.

మూడు, మాడ్యూల్ టేబుల్. ఎడమవైపు ఆ యూనివర్సిటీ అడిగే సబ్జెక్టు, కుడివైపు మనవాడు చదివింది, ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు, డిప్లొమాదా బీటెక్‌దా. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ రెండు చోట్లా ఉంది, థర్మల్ రెండు చోట్లా ఉంది. ఇంజినీరింగ్ మేథమేటిక్స్, మెకానిక్స్, డ్రాయింగ్ డిప్లొమా నుంచే తేవాలి. రెండుసార్లు చదివింది రెండుసార్లు లెక్కేయొద్దు, అక్కడ దొరికిపోతే మొత్తం మీద నమ్మకం పోద్ది అని గట్టిగా చెప్పా. పద్నాలుగు పేజీలు వచ్చింది. ఈ టేబుల్ వాడే వేశాడు, నేను వేయలేదు, ఇంటర్వ్యూలో అది వాడికి పనికొచ్చింది.

వీటితోపాటు 180 చాలు అనే నాలుగు సెమిస్టర్ల ప్రోగ్రాములు, మార్కు 3.0 వరకు తీసుకునేవి, ఇంకో మూడు వెతికి పెట్టాం. ఎక్కువగా హోచ్‌షూలెలు, అంటే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు. మన దగ్గర పేరు కోసం టీయూ, టీయూ అంటారు, అంటే టెక్నికల్ యూనివర్సిటీలు, గానీ, చీమకుర్తిలో బ్లేళ్ళు బిగించినోడికి హోచ్‌షూలెనే సరైన చోటు, అక్కడ చదువు ఫ్యాక్టరీల దగ్గరగా ఉంటది. అప్లికేషన్ ఫీజులు మూడు యూని-అసిస్ట్ ద్వారా, 90 యూరోలు, అవి నా జేబులోంచి కట్టా. సర్వీస్ చార్జీ సగం వెనక్కి ఇచ్చింది కూడా అప్పుడే. నాన్న తీసుకోనన్నాడు, మీ తప్పుకి మీరు ఇబ్బంది పడబాకండి సార్ అన్నాడు, నేను వాడి అకౌంట్‌లో వేసేశా.

ఫలితాలు. 2.5 అడిగిన రెండూ రిజెక్ట్, అది తెలిసిందే. 210 వాటిలో రెండు రిజెక్ట్, ఒకటి, అదే ఆ మెయిల్ పంపిన యూనివర్సిటీ, మూడు వారాలు ఏమీ చెప్పక, ఇంటర్వ్యూ చేసి, ఆఫ్లాగెన్‌తో సీటిచ్చింది. ఆఫ్లాగెన్ అంటే షరతు, సీటిస్తాం గానీ నీకు తక్కువైన 30 ఈసీటీఎస్‌కి బ్యాచిలర్ సబ్జెక్టులు ఇక్కడ అదనంగా చదివి పాసవ్వాలి అని. 180 వాటిలో ఒకటి ఇంకా జవాబే ఇవ్వలేదు ఈ రోజుకీ, ఒకటి సీట్లు నిండాయంది, రెండు ఇచ్చాయి. అందులో శాక్సొనీలో ఉన్న ఒక హోచ్‌షూలె, ప్రొడక్షన్ వైపు, నాలుగు సెమిస్టర్లు, ట్యూషన్ లేదు. ఉత్తరం జూలై మూడో వారంలో వచ్చింది.

ఆఫ్లాగెన్ సీటు పెద్ద పేరున్న యూనివర్సిటీ. మనవాడు రెండు రోజులు ఊగాడు. నేను చెప్పింది ఇంతే, అక్కడ 30 ఈసీటీఎస్ అదనం అంటే ఎట్టాగూ ఒక సెమిస్టర్ పెరుగుద్ది, కొన్ని సబ్జెక్టులు జర్మన్‌లోనే ఉండొచ్చు, నీకు వచ్చిన జర్మన్ ఏ1, అన్నింటికన్నా మొదటి మెట్టు. హోచ్‌షూలెకి పోయాడు.

డబ్బు

సీటు వచ్చినా వీసాకి బ్లాక్డ్ అకౌంట్ కావాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున ఏడాది ఖర్చు, అక్కడికి పోయాక నెలకింత అని వదుల్తారు. అప్పటికి యూరో నూరు దాటి ఉంది, అంటే పన్నెండు లక్షలు ఒకేసారి.

బ్యాంకు లోన్‌కి పోయాం ముందే, మార్చిలోనే. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలన్నారు. పొలం పెడతాం అంటే వ్యవసాయ భూమి తీసుకోం అన్నారు, ఇల్లు పెడతాం అంటే ఆ ఇల్లు గ్రామకంఠంలో ఉంది, తాతల నాటిది, లింకు డాక్యుమెంట్లు లేవు. మన పల్లెల్లో సగం ఇళ్ళు అంతే కదా. లోన్ అక్కడ ఆగిపోయింది. ఇంక పొగాకే. వేలం సీజనూ వీసా సీజనూ ఒకదాని పక్కన ఒకటి రావడం ఒక్కటే అదృష్టం, బేళ్ళు అమ్మితే డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుద్ది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎక్కడినుంచి వచ్చిందో చక్కగా కనపడుద్ది. అనుకున్న రేటు రాలేదు, లో గ్రేడు బేళ్ళు రెండుసార్లు వెనక్కి తెచ్చుకున్నారు. తక్కువ పడింది వాళ్ళమ్మ బంగారం మీద తెచ్చారు.

పంపేటప్పుడు ఇంకో చిన్న దెబ్బ, 2025లో 10 లక్షలు దాటిన దాని మీద 5 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే కోసే పన్ను, పట్టుకున్నారు, పదివేల చిల్లర. లోన్ డబ్బయితే అది లేదు, సొంత డబ్బుకి ఉంది. ఐటీ రిటర్ను వేస్తే వెనక్కొస్తది, కానీ నాన్న జన్మలో రిటర్ను వేయలేదు, మా ఆడిటర్‌తో మాట్లాడి పెట్టా. వీసా ఫీజు 75 యూరోలు, ఆగస్టు మొదట్లో పెడితే సెప్టెంబర్ మూడో వారంలో స్టాంపు పడింది. చెన్నై నుంచి ఫ్లైటు. ఒంగోలు స్టేషన్‌లో ట్రైన్ ఎక్కించేటప్పుడు వాళ్ళమ్మ గోంగూర పచ్చడి డబ్బాకి మూడు కవర్లు చుట్టింది, నాన్న ప్లాట్‌ఫాం మీద నాతో, "ఆ స్టాంపులు కొట్టిన పుస్తకం తీసుకుపోతున్నాడా సార్" అని అడిగాడు. తీసుకుపోతున్నాడు అన్నా.

ఈ కేసు తర్వాత నా ఫారంలో మొదటి ప్రశ్న మారింది. ఇంతకుముందు పర్సంటేజీ ఎంత అని ఉండేది. ఇప్పుడు, మీ మెమోలు ఏ సెమిస్టర్ నుంచి మొదలవుతాయి అని ఉంది. రెండోది, మీ గ్రేడ్ టేబుల్‌లో పాసైనోడికి వచ్చే అతి తక్కువ పాయింటు ఎంత. ఈ రెండూ నిండకుండా యూనివర్సిటీ పేరు కూడా ఎత్తను.

మొన్న కందుకూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది, డిప్లొమా ట్రిపుల్ఈ, లేటరల్, సీజీపీఏ 8.2. ఫారం నింపింది, 2-1 నుంచి అని రాసింది. డిప్లొమా కాగితాలు ఎక్కడున్నాయమ్మా అన్నా. మెమోలు ఉన్నాయి సార్ అంది. సిలబస్ పుస్తకం, ల్యాబ్ రికార్డులు అన్నా. పక్కనున్న వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, "అయ్యో, అయ్యన్నీ పోయిన దసరాకి ఇల్లు సర్దేటప్పుడు బజ్జీల బండోడికి ఏసేశాం సార్." సరే, స్టాంపు ప్యాడు ఒకటి కొనుక్కుని సోమవారం రమ్మని చెప్పా.